సెంతెమిల్యోన్‌లో ఒక రోజు: ద్రాక్షతోటలు, రాతి చర్చి, కొన్న సీసాలు – నా అనుభవం

ఫ్రాన్స్‌లోని వైన్ ఊరు సెంతెమిల్యోన్ వెళ్లాలనుకునేవాళ్లు మామూలుగా ముందు కారు మాట్లాడతారు, తర్వాత వైన్ తోటలు చూసుకుంటారు, ఊరి సంగతి అక్కడికి వెళ్లాక చూద్దాంలే అనుకుంటారు. ఈ వరస తిరగేయాలి. ముందు, ఊళ్లో గుట్టను తొలిచి చేసిన రాతి చర్చికి టైము తీసుకోవాలి. దాన్ని బట్టి భోజనం, భోజనాన్ని బట్టి తోటలు, అన్నీ కుదిరాక కారు. మాకు ఈ సంగతి సగం డబ్బు కట్టాక గానీ తెలియలేదు. అందుకే బుకింగ్ దగ్గర్నుంచి సీసాలు ఇల్లు చేరేదాకా రాస్తున్నాను.

ఊరు నైరుతి ఫ్రాన్స్‌లో, బోర్దో నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, దోర్దోన్ నదికి ఉత్తరాన ఒక సున్నపురాతి గుట్ట అంచున ఉంది. ఇంగ్లీషులో సెయింట్ ఎమిలియన్ అంటారు, అక్కడివాళ్ల నోట సెంతెమిల్యోన్ అని కలిసిపోయి వస్తుంది. 1999లో యునెస్కో ఈ ఊరినీ చుట్టుపక్కల ద్రాక్షతోటలనూ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ద్రాక్షతోటల నేలకు సాంస్కృతిక భూదృశ్యంగా ఆ గుర్తింపు రావడం అదే మొదలు.

పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి బోర్దోకు టీజీవీ అనే హైస్పీడ్ రైళ్లలో వేగంగా వెళ్లే బండి అయితే 2 గంటల 5 నిమిషాలు. పొద్దున పారిస్‌లో ఎక్కి రాత్రికి తిరిగి రావచ్చు గానీ, నా మాట వింటే ముందు రాత్రి బోర్దోలోనే పడుకోండి. బోర్దో సెంజాన్ స్టేషన్ నుంచి సెంతెమిల్యోన్‌కు లోకల్ రైలు కూడా ఉంది, 40 నిమిషాల లోపే. స్టేషన్ నుంచి ఊళ్లోకి కిలోమీటరున్నర నడక, తోటల మధ్యనుంచే. చదువుకునే పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తుంటే, ఊరు ఒక్కటే చూడాలనుకుంటే, రైలు చాలు. మేం నలుగురం, ఇద్దరు అరవై దాటినవాళ్లు, తోటలు రెండు చూడాలి. అందుకని డ్రైవరుతో సహా ప్రైవేట్ కారు.

డ్రైవరు ఎందుకంటే, ఫ్రాన్స్‌లో బండి నడిపేవారి రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ దాటకూడదు. లైసెన్సు కొత్తగా వచ్చినవాళ్లకైతే 0.2 గ్రాములే. రెండు తోటల్లో రుచి చూశాక స్టీరింగ్ పట్టుకోవడం ఏ లెక్కనా కుదరదు.

కారు మాట్లాడేటప్పుడు ధర మనిషికా, బండికా అన్నది మొదటి ప్రశ్న. ప్రైవేట్ ట్రిప్పులు ఎక్కువగా బండి లెక్కన ఉంటాయి. ఇద్దరు వెళ్తే భారం, ఆరుగురు వెళ్తే గిట్టుబాటు. రెండోది, తోటల్లో టేస్టింగ్ రుసుము అందులో కలిసి ఉందా, విడిగా కట్టాలా. మూడోది, తోటల పేర్లు, టైములు రాసివ్వమనడం. "స్థానిక లభ్యతను బట్టి" అని రాస్తే తోటలు ఇంకా ఖాయం కాలేదని అర్థం. నాలుగోది, నడిపే మనిషికి ప్రయాణికులను తిప్పే లైసెన్సు ఉందా అన్నది. అక్కడ ఆ లైసెన్సును వేతేసే (VTC) అంటారు. పదేళ్ల లోపు పిల్లలుంటే వయసుకు తగిన సీటు ముందే అడిగి పెట్టించుకోవాలి.

ఐదో ప్రశ్న మేం అడగలేదు. మాకు వచ్చిన కాగితంలో "మధ్యయుగపు ఊరి సందర్శన, 2 గంటలు" అని ఉంది. చర్చి లోపలికి తీసుకెళ్తారనుకున్నాం. తీరా ఆరా తీస్తే అది ఊళ్లో దింపేసి రెండు గంటల తర్వాత ఎక్కించుకోవడం. రాతి చర్చి లోపలికి టూరిస్ట్ ఆఫీసు గైడ్‌తో తప్ప ఎవరినీ వెళ్లనివ్వరు. కారు డ్రైవరు ఎంత తెలిసినవాడైనా లోపల మాట్లాడే వీలు లేదు. ఫ్రాన్స్‌లో చారిత్రక కట్టడాల్లో, మ్యూజియాల్లో టూరు కంపెనీల తరఫున వివరించాలంటే ప్రత్యేకమైన గైడ్ కార్డు ఉండాలి. పైగా ఇంగ్లీషులో చెప్పే టూర్లు రోజుకు కొన్నే, ఫ్రెంచివి ఎక్కువ. మేం చూసేసరికి మాకు కుదిరే ఇంగ్లీషు టూరు మధ్యాహ్నం 2 గంటలదొక్కటే మిగిలింది. అదే టైముకు కారు కంపెనీ రెండో తోట బుక్ చేసి పెట్టింది. బతిమాలి ఆ తోటను 4 గంటలకు మార్పించుకున్నాం. టూరిస్ట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో చర్చి టికెట్లు నేరుగా కొనుక్కోవచ్చు. తేదీ అనుకున్న రోజే ఆ పని చేసేయండి.

ఇక ఎక్కువమంది పొరబడేది "గ్రాన్ క్రూ" అనే మాట దగ్గర. మేమూ పొరబడ్డాం. "రెండు గ్రాన్ క్రూ తోటలు" అని రాసి ఉంటే ఊళ్లోకెల్లా గొప్పవి రెండనుకుంటాం. కానీ ఇక్కడ "సెంతెమిల్యోన్ గ్రాన్ క్రూ" అన్నది వైన్ తయారీ నియమాలకు సంబంధించిన పేరు మాత్రమే. దిగుబడికి పరిమితి, పీపాల్లోనో తొట్లలోనో ఉంచాల్సిన కనీస కాలం లాంటివి పాటిస్తే ఆ పేరు పెట్టుకోవచ్చు. అలాంటి తోటలు వందల్లో ఉన్నాయి. "గ్రాన్ క్రూ క్లాసే" అన్నది వేరు. 1955లో మొదలైన వర్గీకరణ అది, సుమారు పదేళ్లకోసారి తిరగరాస్తారు. 2022 జాబితాలో ఆ మెట్టు మీద 71 తోటలు, దాని పైన "ప్రీమియే గ్రాన్ క్రూ క్లాసే" అని 14 తోటలు. ఆ పద్నాలుగులో పావీ, ఫీజాక్ అనే రెండింటికే "ఎ" హోదా. అంతకుముందు దాకా పైమెట్టున ఉన్న ఓజోన్, షెవాల్ బ్లాన్, ఆంజెలూస్ ఆ వర్గీకరణ నుంచి తమంతట తామే తప్పుకున్నాయి. కాబట్టి జాబితాలో లేనంత మాత్రాన తక్కువదని కాదు, సీసా మీద గ్రాన్ క్రూ అని ఉన్నంత మాత్రాన క్లాసే అనీ కాదు. "క్లాసే" అన్న మాట ఉందా లేదా, అంతే చూడాలి. మన కాగితంలో ఆ మాట లేకపోతే ధర కూడా ఆ మేరకు తగ్గి ఉండాలి.

మరీ పేరున్న షాతోలు, అంటే వైన్ తోటల ఎస్టేట్లు, మామూలు సందర్శకులను రానివ్వవు. పక్క ఊరు పోమెరోల్‌లోని పెత్రూస్ తోటను రోడ్డు మీద నుంచి చూసి రావడమే. వాటికోసం పట్టుబట్టి కంపెనీకి డబ్బు ఎక్కువ పోస్తే దొరికేది గేటు ముందు ఫోటో. ఒకటి క్లాసే, ఒకటి చిన్న కుటుంబం చేసుకునే తోట – ఈ జోడీ మంచిది. చిన్నచోట యజమాని చేతికి మట్టి ఉంటుంది, అడిగినదానికి జవాబు చెప్తాడు. పెద్దచోట కట్టడం, నేలమాళిగలు చూడొచ్చు.

మేం వెళ్లింది సెప్టెంబర్ చివరలో, ద్రాక్ష కోతల్లో. సరిగ్గా ఆ రోజుల్లో కొన్ని తోటలు సందర్శనలు ఆపేస్తాయి, కొన్ని సగానికి తగ్గిస్తాయి. ఒప్పుకున్న తోట దొరికితే మాత్రం అంతకన్నా మంచి కాలం లేదు. పొద్దున 8:45కు బోర్దోలో ఎక్కితే లిబూర్న్ మీదుగా 10 లోపే మొదటి తోట చేరాం.

హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పటి అనాబెషాహీ తోటలు చూసినవాళ్లకు ద్రాక్ష అంటే తలపైన పందిరి, కింద నీడ, పైనుంచి వేలాడే గుత్తులు. ఇక్కడ పందిరి లేదు. తీగ నడుము ఎత్తు దాటదు. వరసలుగా తీగెలు లాగి, మొద్దు నుంచి రెండు చేతుల్లా ఒకటో రెండో కొమ్మలు మాత్రం ఉంచి మిగతావన్నీ చలికాలంలో కత్తిరించేస్తారు. గుత్తులు మోకాలి ఎత్తులో, నేల వేడి తగిలేటట్టు కాస్తాయి. ఎదిగిన తోటకు నీళ్లు పెట్టరు, మామూలుగా నియమాలే ఒప్పుకోవు. వేళ్లు సున్నపురాతి పగుళ్లలోకి దిగి నీరు వెతుక్కుంటాయి. అక్కడ కాపు తక్కువ ఉండాలని కోరుకుంటారు. ఒక తీగకు సుమారు ఒక సీసా వైన్, అంతే. మన రైతుకు ఈ లెక్క నమ్మబుద్ధి కాదు. గుత్తులు ఎక్కువైతే రుచి పలచబడుతుందని వేసవిలోనే కొన్ని పచ్చిగుత్తులు కోసి కింద పడేస్తారు.

వరస చివర ఒక పండు కోసి చేతిలో పెట్టారు. మెర్లో. మన బజారు ద్రాక్షలో సగం కూడా లేదు, నలుపు మీద బూడిద పూత. తొక్క మందం, గుజ్జు జిగటగా తీపి, లోపల రెండు గింజలు. తొక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపితే ఊదారంగు అంటుకుని సాయంత్రం దాకా పోలేదు. గింజను కొరికి చూడమన్నారు. గోధుమరంగుకు తిరిగి పటుక్కున విరిగితే పండు కోతకు వచ్చినట్టు. పచ్చగా, సాగినట్టుగా ఉండి నోరంతా చేదు చేస్తే ఇంకా ఆగాలి. యంత్రాలతో చక్కెర కొలుస్తారు గానీ, కోత రోజు మటుకు ఈ గింజ కొరకడంతోనే తేలుస్తారట. ఇక్కడ ముఖ్యమైన రకం మెర్లో, తర్వాత కాబెర్నే ఫ్రాన్. దీన్ని పాతవాళ్లు బుషే అంటారు. మెర్లో ముందు పండుతుంది, బుషే కొన్ని రోజులు వెనక. వసంతంలో చిగురు ముందే వేసే మెర్లోను ఏప్రిల్ మంచు కాలుస్తుంది. 2017లో, 2021లో అలాగే దెబ్బతిన్నాయి.

లోపల తొట్ల గదిలో ఒక జాగ్రత్త. పులుస్తున్న రసంలోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. తొట్టి మూత తీసి చూపించేటప్పుడు మొహం లోపలికి వంచకూడదు. ముక్కులో సూదులు గుచ్చినట్టవుతుంది, ఎక్కువసేపైతే స్పృహ తప్పుతుంది. చేత్తో గాలిని మన వైపు విసురుకుని వాసన చూడాలి. తొక్కలు పైకి తేలి గట్టి మూతలా ఏర్పడతాయి. రంగూ వగరూ ఆ తొక్కల్లోనే ఉన్నాయి కాబట్టి కిందనుంచి రసాన్ని పంపుతో తోడి రోజుకు ఒకటి రెండుసార్లు ఆ మూత మీద పోస్తారు. ఇలా రెండు నుంచి నాలుగు వారాలు. తొట్టిలో వేడి 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచుతారు. అంతకు బాగా మించితే ఈస్టు చచ్చి పులియడం మధ్యలో ఆగిపోతుంది.

తర్వాత ఓక్ పీపాలు. ఒక్కోటి 225 లీటర్లు, అంటే 300 సీసాలు. ప్రతి పీపాకు నడుము చుట్టూ ఎర్రటి పట్టీ ఉంటుంది. చూస్తే అలంకారం అనుకుంటాం. దగ్గరికి వెళ్లి వేలితో రాస్తే అది వైన్ మడ్డి పూత అని తెలుస్తుంది. చెక్కలోంచి వైన్ ఆవిరై తగ్గుతుంటే బిరడా తీసి మళ్లీ నింపుతూ ఉండాలి, లేకపోతే గాలి చేరి వెనిగర్ వాసన పడుతుంది. నింపినప్పుడల్లా చుక్కలు కారి మరకలవుతాయి కాబట్టి నడుమంతా ముందే పూసేస్తారు. సుమారు మూడు నెలలకోసారి పైతేటను వేరే పీపాలోకి తోడతారు. తోడేటప్పుడు గ్లాసు వెనక కొవ్వొత్తి పట్టుకుని చూసి, మడ్డి మేఘంలా కనపడగానే ఆపేస్తారు. మజ్జిగ తేట వంచినట్టే, చేతి నిదానం మీద ఆధారపడ్డ పని.

ఇక్కడ శాకాహారులు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బాగా తేటపడటానికి పీపాకు ఐదారు కోడిగుడ్ల తెల్లసొన గిలక్కొట్టి పోయడం బోర్దో ఆనవాయితీ. సొన మడ్డినీ అదనపు వగరునూ పట్టుకుని అడుగుకు దిగుతుంది, వైన్ పైనుంచి తీస్తారు. సీసాలో గుడ్డు మిగలకపోవచ్చు గానీ, గుడ్డు ముట్టనివాళ్లకు ఈ సంగతి తెలియాలి. ఇప్పుడు చాలామంది బఠానీ మాంసకృత్తులో, బెంటొనైట్ మట్టో వాడుతున్నారు, కొందరు అసలు ఏమీ వేయరు. "గుడ్డుసొన వాడతారా?" అని సూటిగా అడిగితే సూటిగానే చెప్తారు. 2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన వైన్లకు యూరప్‌లో పదార్థాల జాబితా తప్పనిసరి చేశారు. చాలావాటికి అది లేబుల్ మీద క్యూఆర్ కోడ్‌లో ఉంటుంది.

రుచి చూడటం గురించి అక్కడ చెప్పే పెద్దపెద్ద మాటలకు బెదరక్కర్లేదు. మన నాలుకకు ఆ పని బాగానే వచ్చు. గ్లాసులో అడుగున నాలుగైదు చెంచాల వైన్ పోస్తారు. కాడ పట్టుకోవాలి, గిన్నె పట్టుకుంటే చేతి వేడికి వైన్ వెచ్చబడుతుంది. తెల్ల కాగితం మీదికి వంచి అంచు రంగు చూడాలి. ఊదాగా ఉంటే కొత్తది, ఇటుకరంగుకు తిరిగితే పాతది. కదపకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూసి, ఓ గుక్క నోట్లోకి తీసుకుని పక్కల నుంచి కొంచెం గాలి పీల్చాలి. నాలుక కింద నీరు ఊరితే అది పులుపు. చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు పట్టేసినట్టయితే వగరు. వాళ్లు ట్యానిన్ అనేది ఇదే. నేరేడుపండు తిన్నాక నోరు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు వేరే పాఠం అవసరం లేదు. పండని మెర్లో వగరు పచ్చి అరటికాయది, గరుకుగా మిగిలిపోతుంది. పండినదాని వగరు నేరేడుది, పట్టి వదిలేస్తుంది. ఈ తేడా తెలిస్తే పది యూరోల సీసాకూ యాభై యూరోల సీసాకూ మధ్య కనీసం ఒక కారణం మనకే అందుతుంది.

రుచి చూశాక ఉమ్మేయడానికి పాత్ర పెడతారు. ఉమ్మితే అమర్యాద అనుకుని మింగేయకండి, అది పని తెలిసినవాళ్ల అలవాటు. నాలుగు గ్లాసులు మింగి మధ్యాహ్నం చర్చి గోపురం 196 మెట్లు ఎక్కడం ఎవరివల్లా కాదు. మాలో ఒకరు మద్యం ముట్టరు. ముందే చెప్తే ద్రాక్షరసం పెట్టారు. పొద్దున టిఫిను గట్టిగా తిని వెళ్లాలి, సెంటు రాసుకోకూడదు. సెంటు మన ఒక్కరి ముక్కునే కాదు, గదిలో అందరి పనినీ చెడగొడుతుంది.

భోజనం 12:15కు. వంటగది 2 గంటలకు మూసేస్తారు, ఆ తర్వాత అడిగితే ఐస్‌క్రీమే గతి. టేబుల్ ముందే చెప్పుకోవాలి. ఆదివారం, సోమవారం కొన్ని మూసి ఉంటాయి. ఇక్కడి పేరున్న వంటలు ద్రాక్షపుల్లల నిప్పు మీద కాల్చే ఆంత్రకోత్, ఎర్రవైన్‌లో వండే లాంప్ర్వా అనే పాము లాంటి చేప. ఆంత్రకోత్ అంటే గొడ్డుమాంసం, తిననివాళ్లు పేరు గుర్తు పెట్టుకోండి. శాకాహారులు "సాన్ వియాండ్, సాన్ ప్వాసోన్" (మాంసం వద్దు, చేప వద్దు) అంటే సరిపోదు, "సాన్ లార్దోన్" (పంది ముక్కలు వద్దు) అని కూడా అనాలి. పంది ముక్కలను సలాడ్ మీద చల్లడం వాళ్లకు మనం కొత్తిమీర చల్లడం లాంటిది, అది మాంసమన్న ధ్యాసే ఉండదు. బంగాళాదుంపలు బాతు కొవ్వులో వేయించి ఉండొచ్చు, సూపు మాంసపు నీళ్లతో చేసి ఉండొచ్చు. రెండూ అడగండి. మేకపాల జున్ను సలాడ్, రొట్టె, పుట్టగొడుగుల ఆమ్లెట్ – గుడ్డు తినేవాళ్లకు ఇబ్బంది లేదు. తిననివాళ్లు పులిహోర డబ్బా తెచ్చుకుని ఊరిగోడ పక్కన బెంచీ మీద కూర్చుని తింటే హాయి. మావాళ్లలో ఒకరు అదే చేశారు.

2 గంటలకు చర్చి. ఉండవల్లి గుహాలయాలు చూసినవాళ్లకు, ఓరుగల్లును ఏకశిలానగరమని ఎందుకంటారో విన్నవాళ్లకు, ఏకశిల అన్న మాట కొత్తది కాదు. ఇదీ ఏకశిలా చర్చే. కట్టింది కాదు, 12వ శతాబ్దం నాటికి గుట్టను లోపలికి తొలిచి తీసింది. పొడవు 38 మీటర్లు, ఎత్తు 12 మీటర్లు. టూరు ముప్పావుగంట. మొదట ఎమిలియోన్ అనే సన్యాసి ఉన్న చిన్న గుహ. బ్రెతాన్ ప్రాంతంలోని వాన్ నుంచి 8వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చి, ఊట ఉన్న ఈ గుహలో ఉండిపోయాడని చెప్తారు. అక్కడ రాతిలో తొలిచిన ఆసనం ఒకటి ఉంది. సంతానం కోరుకునే ఆడవాళ్లు వచ్చి దాని మీద కూర్చునే నమ్మకం ఇప్పటికీ ఉంది. మా అత్తగారికి ఆ మాట అనువదించి చెప్పాల్సి రాలేదు, గైడ్ చేతి సైగకే అర్థమైపోయింది. తర్వాత సమాధుల గుహలు, చివరికి చర్చి.

లోపలికి అడుగుపెట్టగానే కంటికి తగిలేవి స్తంభాలను బిగించి పట్టిన ఉక్కు కట్లు. బొమ్మల్లో అవి పెద్దగా కనపడవు. చర్చి నెత్తిన, గుట్ట పైన, తర్వాతి శతాబ్దాల్లో రాతి గంటగోపురం కట్టారు. ఆ బరువంతా ఈ తొలిచిన స్తంభాల మీదే. సున్నపురాయి నీరు పీలుస్తుంది, పీల్చిన కొద్దీ బలం తగ్గుతుంది. నీటి తడికి స్తంభాలు నలుగుతున్నాయని తెలిశాక 1990లలో ఈ ఉక్కు పెట్టారు. పొడి స్తంభాన్నీ తడి స్తంభాన్నీ పక్కపక్కన చూపిస్తారు. తడిదాని అడుగున రాయి పిండిలా రాలి ఉంటుంది. నా మటుకు ఆ రోజంతటికీ మనసులో నిలిచిపోయింది ఆ గుప్పెడు పిండే. పొద్దున తోటలో వేళ్లకు నీరు దాచిపెట్టి ఇస్తుందని పొగిడిన రాయి ఇదే. తీగకు మేలు చేసే గుణమే గోపురానికి కీడు చేస్తోంది.

గోపురం ఎక్కాలంటే 196 మెట్లు, చుట్లు తిరిగే ఇరుకు మెట్లదారి. దిగేవాళ్లు ఎదురైతే గోడకు అతుక్కోవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండటం మంచిది. చర్చి ముందరి చౌకులో నీడలో కుర్చీలుంటాయి. పైనుంచి ఎర్ర పెంకుల కప్పులు, వాటి అంచు నుంచే మొదలయ్యే ద్రాక్ష వరసలు. ఊరికీ తోటకూ మధ్య జానెడు ఖాళీ ఉండదు. అవతల కనిపించే రాజుబురుజు మీది నుంచే జురాద్ సభ్యులు ఎర్ర అంగీలతో సెప్టెంబర్‌లో కోతల ప్రకటన చేస్తారు. జురాద్ అంటే ఊరి పాలనకూ వైన్ నాణ్యతకూ బాధ్యత వహించిన పెద్దల సభ. ఈ నేల ఇంగ్లండు రాజుల చేతిలో ఉన్న రోజుల్లో, 1199లో, జాన్ రాజు ఇచ్చిన హక్కుపత్రంతో మొదలైంది. ఫ్రెంచి విప్లవంతో పోయి 1948లో తిరిగి నిలబడింది.

ఎగువ ఊరు నుంచి దిగువ చౌకుకు దిగే రాళ్ల వాలుదార్లను తెర్త్ర్ అంటారు. గుండ్రాళ్లు అరిగి నున్నబడ్డాయి, వాన చినుకు పడితే సబ్బు మీద నడిచినట్టే. కొన్నిచోట్ల మధ్యలో ఇనుప చేతిపట్టె ఉంది. చీరల్లో వచ్చే పెద్దవాళ్లకు చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేయించండి. వీల్‌చైర్‌తో ఆ దారులు అసాధ్యం. మా డ్రైవరు ఎగువన టూరిస్ట్ ఆఫీసు దగ్గర దించి, దిగువన ఎక్కించుకున్నాడు. ఎక్కే పని తప్పింది. ఈ ఏర్పాటు ముందే మాట్లాడుకోండి, అందరూ చేయరు.

దారిలో మాకరోన్లు కొన్నాం. రంగురంగుల క్రీము బిళ్లలు కావు ఇవి. 1620 నుంచి ఉర్సులిన్ సన్యాసినుల పేర చెప్పుకునే పాత రకం, బాదం, చక్కెర, గుడ్డుసొన అంతే. ఏ కాగితం మీద పెట్టి కాల్చారో దానికే అంటుకుని డబ్బాలో వస్తాయి. ఒలిచి తినాలి. మెత్తగా, కొసన చిరుచేదుగా ఉంటాయి. రెండు మూడు రోజుల్లో తినేయాలి, ఇండియా దాకా తెస్తే గట్టిపడతాయి.

4 గంటల తోట ఊరిగోడకు ఆనుకునే ఉంది, వర్గీకరణలో ఉన్నది. అక్కడ చూడాల్సింది నేల కింద. శతాబ్దాల పాటు ఈ గుట్టలోంచి రాయి కోసి బోర్దోకు, లిబూర్న్‌కు తీసుకెళ్లి ఇళ్లు కట్టారు. కోయగా మిగిలిన బొక్కలే ఇప్పుడు పీపాల గదులు. బెలుం గుహలను నీరు తొలిచింది, వీటిని గొడ్డళ్లు తొలిచాయి. గోడల మీద ఏటవాలు గాట్లు వరసగా ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంకో తేడా, బెలుంలో ఉక్కపోస్తుంది, ఇక్కడ ఏడాది పొడుగునా 12, 13 డిగ్రీలు. ఎండలోంచి దిగేవాళ్లకు వణుకు పుడుతుంది, శాలువా చేతిలో ఉండాలి. కప్పు చూస్తే కొన్నిచోట్ల దారాల్లా వేలాడుతూ కనిపిస్తాయి, పైన ఉన్న తీగల వేళ్లు. రాతిని చీల్చుకుని అంత లోతు దిగాయి.

కొనడం దగ్గర తొందరపడొద్దు. చిన్న తోటలో కొంటే ధర న్యాయంగా ఉంటుంది. ఊళ్లో దుకాణాల్లో పాత సంవత్సరాలు దొరుకుతాయి గానీ పేరుకు తగ్గ ధర. బార్బాన్ వాగు అవతలి లుసాక్, మోంతాన్, ప్విస్గాన్ సెంతెమిల్యోన్ వైన్లు అవే ద్రాక్షలతో, చాలా తక్కువకు వస్తాయి. రోజూ తాగేందుకు అవే మేలు. ఒకే దుకాణంలో 100 యూరోలు దాటి కొంటే యూరప్ బయట ఉండేవాళ్లకు పన్ను వాపసు వస్తుంది. పాస్‌పోర్టు చూపించి "దెతాక్స్" కాగితం అడగాలి. చిన్న తోటలు చాలావరకు ఆ కాగితం ఇవ్వవు. ఎయిర్‌పోర్టులో సామాను చెకిన్ చేయకముందే పాబ్లో అనే మిషన్ దగ్గర బార్‌కోడ్ చూపాలి. సామాను ఇచ్చేశాక గుర్తొస్తే, సీసాలు చూపించమని కస్టమ్స్ అడిగితే, చేసేదేమీ లేదు.

ఇండియాలోకి మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, 375 మిల్లీలీటర్ల అరసీసా ఒకటి. మూడు పెద్ద సీసాలైతే పరిమితి దాటినట్టే. క్యాబిన్ బ్యాగులో కుదరదు, పెట్టెలోనే. సీసాకు ముందు ప్లాస్టిక్ కవరు, పైన బబుల్ చుట్ట, ఆపైన తువ్వాలు చుట్టి, పెట్టె నడిమధ్య బట్టల్లో దూర్చాలి. అంచులకు తగలకూడదు. నిండు సీసా కిలోంపావుకు తక్కువ ఉండదు, బరువు లెక్క వేసుకోండి. పార్సిల్‌లో పంపుతామంటే వద్దనండి. సుంకం, అనుమతుల తంటా సీసా ధరను మించిపోతుంది.

తిరుగుదారిలో 5:30కు బయల్దేరితే బోర్దో చుట్టురోడ్డు మీద ఆఫీసులు వదిలే రద్దీ. 7 అయింది. ఆ సాయంత్రం రైలో విమానమో ఉంటే 9 లోపుది పెట్టుకోకండి.

ఇంటికొచ్చాక సీసాలను వారం పది రోజులు కదపలేదు. హైదరాబాద్ ఎండాకాలంలో అల్మారాలో నిలబెడితే రెండు నెలల్లో వైన్ ఉడికిన పండ్ల వాసన వస్తుంది, బిరడా ఎండి పైకి లేస్తుంది. నేలమాళిగ లేనివాళ్లకు ఫ్రిజ్ కింది అరే దిక్కు. పడుకోబెట్టి ఉంచాలి, బిరడా తడిగా ఉండాలి. తాగే ముందు ముప్పావుగంట బయట పెడితే 16, 18 డిగ్రీలకు వస్తుంది. మే నెలలో అయితే ఇరవై నిమిషాలు చాలు.